ఫోన్ మార్చాక వాచ్ సింక్ కావడం లేదు, రీసెట్ చేయకుండా దారి ఉందా?

నడకప్రియ
అమ్మకి ఫోన్ మార్చాం. అప్పటి నుంచి ఆవిడ స్మార్ట్‌వాచ్ సింక్ కావడం లేదు. యాప్ తెరిస్తే "కనెక్ట్ అవుతోంది" అని తిరుగుతూనే ఉంటుంది, కాసేపటికి "పరికరం దొరకలేదు" అంటుంది. వాచ్‌కేమీ కాలేదు. టైమ్ సరిగ్గా ఉంది, అడుగులు లెక్కపెడుతోంది, హార్ట్ రేట్ చూపిస్తోంది. ఫోన్ బ్లూటూత్ కూడా బాగానే ఉన్నట్టుంది, ఇయర్‌బడ్స్ టక్కున కనెక్ట్ అవుతున్నాయి. ఫోన్‌లో ఆండ్రాయిడ్ 14. యాప్ తీసేసి మళ్లీ ఎక్కించాను, రెండింటినీ రీస్టార్ట్ చేశాను, మార్పు లేదు.

హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే ఫ్యాక్టరీ రీసెట్ కొట్టమంటున్నారు, ఇంకో మాట లేదు. కానీ అమ్మ నిద్ర, విశ్రాంతిలో ఉన్నప్పటి హార్ట్ రేట్ వివరాలు డాక్టర్ అడిగారు. ఫోన్ మార్చిన తర్వాతి డేటా అంతా వాచ్‌లోనే ఉంది. రీసెట్ చేస్తే అది పోతుందేమోనని టెన్షన్. ఎవరైనా దారి చెప్పండి.

సుబ్బు99
రీసెట్ కొట్టేయండి. మా వాచ్ అలాగే సెట్ అయింది. అయిదు నిమిషాల పని.

బైనరీబాబాయ్
ప్రియ గారూ, రీసెట్ జోలికి అప్పుడే వెళ్లకండి. సింక్ కాని డేటా వాచ్ మెమరీలో తప్ప ఇంకెక్కడా ఉండదు. రీసెట్ చేస్తే ముందు పోయేది అదే. అలాగని నెలల తరబడి వదిలేసినా కుదరదు. వాచ్ మెమరీ చిన్నది, నిమిషం నిమిషం వివరాలను చాలా వాచ్‌లు కొన్ని రోజులే ఉంచి, పాతవాటి మీద కొత్తవి రాసేస్తాయి.

సింక్‌లో మూడు అంచెలు ఉంటాయి. వాచ్ నుంచి ఫోన్‌లోని యాప్‌కి ఒకటి, ఇది బ్లూటూత్ మీద. యాప్ నుంచి కంపెనీ సర్వర్‌కి రెండోది, ఇది ఇంటర్నెట్ మీద. ఆ యాప్ నుంచి మిగతా హెల్త్ యాప్‌లకి మూడోది. మీకు మొదటి అంచెలోనే ఆగింది. రెండు విషయాలు చెప్పండి:

కొత్త ఫోన్‌లో యాప్ వెతికేటప్పుడు వాచ్ పేరు అసలు కనిపిస్తోందా, లేక కనిపించి కనెక్ట్ కాకుండా పోతోందా?

పాత ఫోన్ ఇప్పుడు ఎక్కడుంది?

వెన్నెల_ఎం
లొకేషన్ ఆన్ చేసి చూడండి. నాకు దాంతోనే పని జరిగింది. బ్లూటూత్‌కీ లొకేషన్‌కీ సంబంధం ఏంటో అర్థం కాలేదు గానీ పనిచేసింది.

డీబగ్_సాగర్
@వెన్నెల_ఎం సంబంధం ఉంది. చుట్టుపక్కల ఏ బ్లూటూత్ పరికరాలు ఉన్నాయో తెలిస్తే మనిషి ఎక్కడున్నాడో ఊహించవచ్చు. అందుకే ఆండ్రాయిడ్ 6 నుంచి 11 దాకా వాచ్‌ని వెతకాలంటే యాప్‌కి లొకేషన్ అనుమతి తప్పనిసరి. 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12తో "నియర్‌బై డివైసెస్" అని విడిగా ఒక అనుమతి పెట్టారు. ప్రియ గారి ఫోన్‌లో ముందు చూడాల్సింది అది. అయితే పాత పద్ధతిలో రాసిన యాప్‌లు కొత్త ఫోన్లలోనూ లొకేషన్ అడుగుతాయి కాబట్టి రెండూ ఇచ్చి చూడటమే మేలు. అనుమతి ఇచ్చి, పైన ఉండే లొకేషన్ బటన్ ఆపేసి ఉంచినా ఇలాంటి యాప్‌లకి స్కాన్‌లో ఏమీ దొరకదు, చాలామంది అక్కడే ఆగిపోతారు.

ఇయర్‌బడ్స్ విషయం: అవి కనెక్ట్ అవుతున్నాయంటే ఫోన్ రేడియో బాగుందని తెలుస్తుంది, అంతవరకే. ఇయర్‌బడ్స్ ఎక్కువగా క్లాసిక్ బ్లూటూత్ మీద నడుస్తాయి. వాచ్ డేటా వచ్చేది బ్లూటూత్ 4.0తో వచ్చిన బీఎల్ఈ (తక్కువ కరెంటుతో నడిచే బ్లూటూత్) మీద. ఒకటి పనిచేసిందని రెండోదీ పనిచేయాలని లేదు.

నడకప్రియ
నియర్‌బై డివైసెస్ ఆన్‌లోనే ఉంది. లొకేషన్ కూడా ఆన్ చేసి చూశాను. వాచ్ పేరు లిస్ట్‌లో అసలు కనిపించడమే లేదు బాబాయ్ గారూ. వేరే ఏవేవో పేర్లు కనిపిస్తున్నాయి, మాది తప్ప.

పాత ఫోన్ ఇంట్లోనే ఉంది. తమ్ముడి కొడుకు గేమ్స్ ఆడుకుంటున్నాడు.

బైనరీబాబాయ్
దానిలో బ్లూటూత్ ఆన్‌లో ఉందా? వాచ్ యాప్ ఇంకా ఉందా?

నడకప్రియ
రెండూ ఉన్నాయి! పైన బ్లూటూత్ గుర్తు పక్కనే వాచ్ కనెక్ట్ అయినట్టు చూపిస్తోంది.

చిన్ని_గ్యాడ్జెట్స్
దొంగ దొరికాడు 😄

బైనరీబాబాయ్
దొరికింది. బీఎల్ఈలో మొత్తం 40 చానెళ్లు ఉంటాయి. వాటిలో 37, 38, 39 అనే మూడు చానెళ్ల మీద వాచ్ "నేనిక్కడ ఉన్నాను" అని ప్రకటించుకుంటూ ఉంటుంది. ఫోన్ స్కాన్ చేసేటప్పుడు వినేది వాటినే. ఒక ఫోన్‌తో కనెక్షన్ కుదరగానే చాలా వాచ్‌లు ఆ ప్రకటన ఆపేస్తాయి. ఇక రెండో ఫోన్ ఎంత వెతికినా దానికి వాచ్ లేనట్టే. మీ పాత ఫోన్ వాచ్‌కి అందే దూరంలో ఉన్నంతసేపూ అదే పట్టుకుని ఉంటుంది.

ఇందులో మీకు కలిసొచ్చే సంగతి కూడా ఉంది. పాత ఫోన్‌లో ఇప్పుడే యాప్ తెరిచి కిందికి లాగి సింక్ చేయండి. ఆగిపోయిన డేటా అంతా దానిలోకి వచ్చేస్తుంది. అన్‌పెయిర్ మాత్రం ఇంకా చేయకండి.

పాతగడియారం
మాకూ ఇదే జరిగింది, ఫోన్ బదులు ట్యాబ్. పిల్లల పాఠాల కోసం కొన్న ట్యాబ్‌లో ఎవరో వాచ్ యాప్ ఎక్కించి ఒకసారి కలిపారు. ట్యాబ్ దగ్గర్లో ఉన్నప్పుడు ఫోన్‌కి సింక్ ఆగేది, బయటికి వెళ్తే బాగయ్యేది. ఇంట్లో నెట్‌వర్క్ లోపం అనుకుని రౌటర్ కూడా మార్చాం.

సుబ్బు99
@బైనరీబాబాయ్ పాత ఫోన్‌లో బ్లూటూత్ ఆపేస్తే సరిపోతుంది కదా, ఇంత తతంగం ఎందుకు?

బైనరీబాబాయ్
ఆపితే ప్రస్తుతానికి సరిపోతుంది. పిల్లవాడు ఎప్పుడో ఇయర్‌బడ్స్ కోసం మళ్లీ ఆన్ చేస్తాడు, అప్పుడు రెండు ఫోన్లూ వాచ్ కోసం పోటీ పడతాయి. ఎప్పుడు దొరుకుతుందో ఎప్పుడు దొరకదో తెలియని ఇలాంటి తప్పులే పట్టుకోవడం కష్టం. శాశ్వతంగా విడదీయాలి.

నడకప్రియ
పాత ఫోన్‌లో సింక్ అయింది! ఈ మధ్య డేటా మొత్తం కనిపిస్తోంది, నిద్ర, హార్ట్ రేట్ అన్నీ. చాలా చాలా థాంక్స్. ఇప్పుడు అన్‌పెయిర్ చేసేయనా?

డీబగ్_సాగర్
ఆగండి. అది ఇంకా పాత ఫోన్‌లోని యాప్‌లోనే ఉండి ఉండొచ్చు. బాబాయ్ చెప్పిన రెండో అంచె దాటిందో లేదో చూడాలి. కొత్త ఫోన్‌లో అదే అకౌంట్‌తో లాగిన్ అయి, నిన్నటి నిద్ర కనిపిస్తోందా చెప్పండి. వాచ్ కనెక్ట్ కాకపోయినా అకౌంట్‌లోని డేటా కనిపించాలి. కొన్ని చవక వాచ్‌ల యాప్‌లు అసలు అకౌంట్ లేకుండా ఫోన్‌లోనే అంతా దాచుకుంటాయి. అలాంటిదైతే యాప్ తీసేసిన క్షణం అంతా పోతుంది.

నడకప్రియ
అకౌంట్ ఉంది, అదే మెయిల్. కానీ కొత్త ఫోన్‌లో ఫోన్ మార్చిన రోజు దాకానే కనిపిస్తోంది. తర్వాతివి లేవు. పాత ఫోన్‌లో వైఫై కూడా ఉంది, యూట్యూబ్ నడుస్తోంది. మరి ఎందుకు వెళ్లడం లేదు?

వెన్నెల_ఎం
అమ్మో, అన్‌పెయిర్ చేసేసి ఉంటే?

డీబగ్_సాగర్
పాత ఫోన్‌లో వీపీఎన్ గానీ, ప్రకటనలు ఆపే యాప్ గానీ ఏమైనా ఉందా? సెట్టింగ్స్‌లో "ప్రైవేట్ డీఎన్ఎస్" (సర్వర్ పేర్లని వెతికిపెట్టే సర్వీసు) అని ఉంటుంది, దానిలో ఏదైనా పేరు రాసి ఉందేమో చూడండి. గేమ్స్‌లో ప్రకటనలు రాకుండా చాలామంది అక్కడ ఒక అడ్రస్ పెడతారు. అలాంటి సర్వీసుల బ్లాక్ లిస్టుల్లో ఒక్కోసారి వాచ్ కంపెనీల సర్వర్ పేర్లు కూడా ఇరుక్కుంటాయి. యూట్యూబ్ నడుస్తుంది, వాచ్ యాప్ మాత్రం సర్వర్‌ని చేరలేదు.

నడకప్రియ
ఉంది. ప్రైవేట్ డీఎన్ఎస్‌లో ఏదో రాసి ఉంది. తమ్ముడు పెట్టాడట, గేమ్ మధ్యలో పిల్లాడు ప్రకటనలు నొక్కేస్తున్నాడని. దాన్ని "ఆటోమేటిక్"కి మార్చాను.

నడకప్రియ
వచ్చేశాయి! కొత్త ఫోన్‌లో లాగిన్ అయి రిఫ్రెష్ చేస్తే నిన్నటి రాత్రి నిద్ర దాకా అన్నీ ఉన్నాయి. అమ్మకి చూపించాను, "ఇక డాక్టర్ దగ్గరికి ధైర్యంగా వెళ్లొచ్చు" అంటోంది.

బైనరీబాబాయ్
ఇప్పుడు విడదీయండి, వరుస ముఖ్యం. ముందు పాత ఫోన్ యాప్‌లోనే "డివైస్ తొలగించు". తర్వాత అదే ఫోన్ బ్లూటూత్ సెట్టింగ్స్‌లో వాచ్ పేరు పక్కన నొక్కి "ఫర్గెట్". ఆ తర్వాత యాప్ తీసేయండి. కాల్స్ మాట్లాడే వాచ్ అయితే బ్లూటూత్ లిస్ట్‌లో రెండు పేర్లు ఉండొచ్చు, ఒకటి డేటాకి, ఒకటి కాల్స్‌కి. రెండూ తీసేయాలి.

చిన్ని_గ్యాడ్జెట్స్
ఆ రెండు పేర్ల గురించి ఎవరూ చెప్పరు. కాల్స్ పేరు మాత్రమే కనెక్ట్ అయి ఉంటే ఫోన్ "కనెక్టెడ్" అనే చూపిస్తుంది, యాప్ మాత్రం "డిస్‌కనెక్టెడ్" అంటుంది. రెండూ నిజమే చెబుతున్నాయి, మనకి పిచ్చెక్కుతుంది.

కీర్తన_ఆర్
మధ్యలో దూరుతున్నాను, సారీ. నాది ఐఫోన్, వేరే కంపెనీ వాచ్. అడుగులు, నిద్ర సింక్ అవుతున్నాయి, నోటిఫికేషన్లు మాత్రం వాచ్‌కి రావడం లేదు. యాప్‌లో అన్నీ ఆన్ చేశాను.

పాతగడియారం
@కీర్తన_ఆర్ ఐఫోన్ సెట్టింగ్స్, బ్లూటూత్, వాచ్ పేరు పక్కన "ఐ" గుర్తు నొక్కండి. అక్కడ "షేర్ సిస్టమ్ నోటిఫికేషన్స్" అని ఉంటుంది. అది ఆన్‌లో లేకపోతే యాప్‌లో ఎన్ని మీటలు నొక్కినా వాచ్‌కి ఏమీ వెళ్లదు. అలాగే నోటిఫికేషన్ల సెట్టింగ్స్‌లో "షో ప్రివ్యూస్" ఎలా పెట్టుకున్నారో కూడా చూడండి.

నడకప్రియ
మళ్లీ ఆగిపోయింది. కొత్త ఫోన్‌లో ఇప్పుడు వాచ్ పేరు కనిపిస్తోంది, సంతోషం. నొక్కితే వాచ్ కూడా వణుకుతుంది, తర్వాత "పెయిరింగ్ విఫలమైంది" అంటుంది. ఎన్నిసార్లు చేసినా అంతే.

సుబ్బు99
నేను మొదటే చెప్పాను, రీసెట్ 🙂

డీబగ్_సాగర్
వాచ్ కనిపిస్తోంది కాబట్టి సగం పని అయినట్టే. మొదటిసారి కలిసినప్పుడు వాచ్, ఫోన్ రెండూ ఒక రహస్య కీ తయారు చేసుకుని చెరో కాపీ దాచుకుంటాయి. ఇంకోసారి కలిసేటప్పుడు దాన్ని బట్టే గుర్తుపడతాయి. మీరు పాత ఫోన్‌లో దాని కాపీ తుడిచేశారు, వాచ్‌లో పాత కాపీ ఇంకా ఉండి ఉంటుంది. కొన్ని వాచ్‌లు ఒక కీ ఉండగా రెండోదాన్ని ఒప్పుకోవు. రెండు వైపులా తుడవాలి. యాప్ సరిగ్గా తొలగిస్తే అదే వాచ్‌కి కూడా కబురు పంపుతుంది, ఆ సమయంలో కనెక్షన్ తెగి ఉంటే ఆ కబురు చేరదు.

వాచ్ సెట్టింగ్స్‌లో బ్లూటూత్ లేదా "కొత్త ఫోన్‌తో జత చేయి" లాంటిది ఏదైనా ఉందేమో చూడండి. ఉంటే దానితో సరిపోతుంది. లేకపోతే అప్పుడు రీసెట్.

ఇంకో మాట, కొత్త ఫోన్ బ్లూటూత్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి నేరుగా పెయిర్ చేయకండి. అక్కడ ఇప్పటికే వాచ్ పేరు ఉంటే తీసేయండి. కలపడం ఎప్పుడూ యాప్ లోపలి నుంచే.

బైనరీబాబాయ్
@సుబ్బు99 మందు అదే సుబ్బూ, వేసే టైమ్ వేరు. నిన్న వేసి ఉంటే ఆవిడ డేటా పోయేది, ఇవాళ వేస్తే నష్టం లేదు.

సుబ్బు99
అది ఒప్పుకుంటాను బాబాయ్. అయినా హెల్ప్‌లైన్ వాళ్లు ఈ ఒక్క ముక్క ముందే చెప్పొచ్చు కదా, "రీసెట్‌కి ముందు పాత ఫోన్‌లో సింక్ చేసుకోండి" అని.

బైనరీబాబాయ్
చెప్పాలి, తప్పకుండా చెప్పాలి. పెద్దవాళ్ల ఆరోగ్యం వివరాలు ఉండే వస్తువు ఇది. డేటా గురించి ఒక్క ప్రశ్న కూడా అడగకుండా చెరిపేయమనడం నాకు అస్సలు నచ్చదు. నాకు కోపం వచ్చేది అక్కడే.

రాత్రిపక్షి
వాచ్ చార్జింగ్ ఎంత ఉందో కూడా చూడండి. బ్యాటరీ బాగా తగ్గితే కొన్ని వాచ్‌లు పవర్ సేవింగ్‌లోకి వెళ్లి బ్లూటూత్ ఆపేస్తాయి. ఫర్మ్‌వేర్ (వాచ్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్‌ని కూడా ఒప్పుకోవు. పెయిరింగ్ అయ్యేదాకా చార్జర్ మీదే ఉంచడం మంచిది.

ల్యాప్‌టాప్_లక్ష్మి
ఫోన్, వాచ్ ల్యాప్‌టాప్ పక్కన పెట్టి చేస్తున్నారా? యూఎస్‌బీ 3 హబ్, హార్డ్ డిస్క్ కేబుల్ లాంటివి 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో నాయిస్ వదులుతాయి, బ్లూటూత్ నడిచేది కూడా అక్కడే. ఇంటెల్ 2012లోనే దీని మీద ఒక పేపర్ ఇచ్చింది. నా డెస్క్ మీద ఎప్పుడూ ఫెయిలయ్యే అప్‌డేట్ పక్క గదిలోకి వెళ్తే పూర్తయింది.

డీబగ్_సాగర్
@ల్యాప్‌టాప్_లక్ష్మి విషయం నిజమే, కానీ ప్రియ గారికి ప్రతిసారీ ఒకే చోట, ఒకే మాటతో ఆగుతోంది. నాయిస్ అయితే ఒకసారి అయ్యి ఒకసారి కాకుండా ఉంటుంది. నేను కీ వైపే మొగ్గుతాను.

నడకప్రియ
వాచ్‌లో "కొత్త ఫోన్‌తో జత" లాంటిదేమీ లేదు. డేటా అకౌంట్‌లో ఉందని మళ్లీ ఒకసారి చూసుకుని, చార్జర్ మీద పెట్టి రీసెట్ చేశాను. యాప్ లోపలి నుంచి కలిపితే మొదటిసారికే కలిసింది. పాత చరిత్ర అంతా అలాగే ఉంది! అందరికీ పేరు పేరునా థాంక్స్.

కీర్తన_ఆర్
@పాతగడియారం అదే! ఆ మీట ఆఫ్‌లో ఉంది. ఇప్పుడు వాట్సాప్ మెసేజ్‌లు కూడా వస్తున్నాయి. నాది ఇంకో చిన్న సందేహం, రాత్రి యాప్‌లన్నీ పైకి తోసి మూసేయడం నాకు అలవాటు. దానివల్ల ఏమైనా అవుతుందా?

పాతగడియారం
అవుతుంది. ఐఫోన్‌లో మనం చేతితో మూసేసిన యాప్‌ని, మళ్లీ మనం తెరిచేదాకా సాధారణంగా వాచ్ కోసం నిద్ర లేపరు. వాచ్ యాప్ ఒక్కదాన్ని వదిలేయండి.

నడకప్రియ
మళ్లీ నేనే. పగలంతా బాగుంది, పొద్దున లేచి చూస్తే రాత్రి ఏ టైమ్‌లోనో కనెక్షన్ తెగింది. యాప్ తెరిస్తే వెంటనే కలుస్తోంది, నిద్ర వివరాలు వస్తున్నాయి. కానీ అమ్మకి రోజూ యాప్ తెరవడం గుర్తుండదు. నేను వేరే చోట నుంచి నా ఫోన్‌లో చూసుకుంటాను, నాకు ఆలస్యంగా తెలుస్తోంది.

రాత్రిపక్షి
బ్యాటరీ ఆప్టిమైజేషన్. సెట్టింగ్స్‌లో ఆ యాప్ తెరిచి బ్యాటరీ దగ్గర "అన్‌రిస్ట్రిక్టెడ్" పెట్టండి.

డీబగ్_సాగర్
రాత్రిపక్షి చెప్పిందే. ఫోన్ కదలకుండా, స్క్రీన్ ఆగి, చార్జర్ లేకుండా పడి ఉంటే ఆండ్రాయిడ్ గాఢనిద్రలోకి పోతుంది. దాన్ని డోజ్ అంటారు, ఆండ్రాయిడ్ 6లో వచ్చింది. దానికి తోడు కొన్ని కంపెనీల ఫోన్లు వెనకాల నడిచే యాప్‌లని ఇంకా గట్టిగా చంపేస్తాయి. వాటిలో "ఆటో స్టార్ట్" అని విడిగా ఉంటుంది, అది కూడా ఆన్ చేయాలి. రీసెంట్ యాప్స్‌లో తాళం గుర్తు ఉంటే అదీ నొక్కండి.

"వాడని యాప్‌ల అనుమతులు తొలగించు" అనే మీట కూడా ఆ యాప్ పేజీలోనే ఉంటుంది. అమ్మగారు నెలల తరబడి యాప్ తెరవకపోతే ఆండ్రాయిడే అనుమతులు వెనక్కి తీసేసుకుంటుంది, ఒకరోజు సింక్ ఆగిపోతుంది. దాన్ని ఆఫ్ చేయండి.

వెన్నెల_ఎం
ఈ చివరిది నాకు తెలియదు. మా నాన్నగారి ఫోన్‌లో ఇప్పుడే ఆఫ్ చేశాను.

కొత్తసభ్యుడు_07
నాది వాచ్ బాక్స్ మీది క్యూఆర్ కోడ్‌తో దించిన యాప్. నోటిఫికేషన్ యాక్సెస్ ఇవ్వబోతే మీట బూడిద రంగులో ఉండి నొక్కనివ్వడం లేదు. ఇది కూడా ఇదేనా?

డీబగ్_సాగర్
కాదు. 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13 నుంచి స్టోర్ బయట దించిన యాప్‌లకి ఆ అనుమతి మూసే ఉంచుతారు, మోసపు యాప్‌లు ఓటీపీలు చదివేయకుండా. ముందు ప్లే స్టోర్‌లో అదే యాప్ ఉందేమో వెతికి అది వేసుకోండి. లేకపోతే యాప్ ఇన్ఫోలో పైన మూడు చుక్కలు నొక్కి "అలో రిస్ట్రిక్టెడ్ సెట్టింగ్స్". కానీ ఊరూ పేరూ లేని యాప్‌కి మీ మెసేజ్‌లన్నీ చదివే హక్కు ఇస్తున్నారని గుర్తుంచుకోండి. నేనైతే ఇవ్వను.

కొత్తసభ్యుడు_07
స్టోర్‌లో ఉంది, అదే వేసుకున్నాను. మీట తెరుచుకుంది.

నడకప్రియ
అన్నీ మార్చాను: అన్‌రిస్ట్రిక్టెడ్, ఆటో స్టార్ట్, తాళం, అనుమతుల మీట. ఇవాళ పొద్దున అమ్మ ఫోన్ ముట్టుకోకముందే నా ఫోన్‌లో రాత్రి నిద్ర వచ్చేసింది. ఒక్క సంగతి మిగిలింది. ఇంకో ఆరోగ్య యాప్‌లో అమ్మ అడుగులు మాత్రం వాచ్ చూపించే దానికంటే బాగా ఎక్కువ కనిపిస్తున్నాయి.

బైనరీబాబాయ్
అది మూడో అంచె. ఫోన్ కూడా సొంతంగా అడుగులు లెక్కపెడుతుంది, వాచ్ యాప్ కూడా ఇస్తుంది. రెండూ హెల్త్ కనెక్ట్‌లోకి (ఆరోగ్య యాప్‌లు డేటా పంచుకునే ఆండ్రాయిడ్ సౌకర్యం) చేరతాయి, కొన్ని యాప్‌లు చూసుకోకుండా రెండింటినీ కూడేస్తాయి. ఆండ్రాయిడ్ 14లో హెల్త్ కనెక్ట్ సెట్టింగ్స్‌లోనే ఉంటుంది. దానిలో డేటా సోర్సుల ప్రాధాన్యం దగ్గర యాక్టివిటీకి వాచ్ యాప్‌ని పైకి జరపండి. అయినా తగ్గకపోతే ఆ ఆరోగ్య యాప్ లోపల ఫోన్ అడుగుల లెక్క ఆపేయండి. డాక్టర్‌కి చూపించేటప్పుడు మాత్రం వాచ్ సొంత యాప్‌లోని అంకెలే చూపించండి, మధ్యలో ఎవరి కూడికలూ ఉండవు.

నడకప్రియ
వాచ్ యాప్‌ని పైకి జరిపి, ఫోన్ లెక్క కూడా ఆపేశాను. ఇప్పుడు రెండు యాప్‌లలోనూ ఒకే అంకె.